ఎదురుకోళ్ల పాటకు పొద్దుమాపుల మందు

శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే ముందు పంతులును అడిగేవాళ్లు, ఆ వెంటనే బాలనర్సమ్మను అడిగేవాళ్లు. పంతులుకు ఒక్కోసారి వీలు కాకపోయేది. బాలనర్సమ్మకు వీలు కాకపోవడమన్నది లేదు. పదిమందిలో కొత్త చుట్టాలను తిట్టాలి, అదీ పాట కట్టి తిట్టాలి, తిట్లు తిన్నవాళ్లే చివర తాంబూలం చేతికిచ్చి మర్యాద చేస్తారు అంటే, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచి వచ్చేది.

ఆ వేడుక పేరు ఎదురుకోళ్లు. మగపెళ్లివారు ఊరి మొదట్లోకి రాగానే ఆడపెళ్లివారు మేళంతో ఎదురెళతారు. పానకం పోస్తారు, బుక్కగులాలు, అంటే గులాబీ రంగు పొడి, చల్లుకుంటారు. తర్వాత రెండు వైపుల ఆడవాళ్లూ జంపఖానాలు పరుచుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. అప్పుడు మొదలవుతుంది అసలు పెళ్లి. ఒక వైపు పెద్దపాటగత్తె పాట ఎత్తుకుని అవతలివాళ్ల మూతులూ ముక్కులూ నగలూ నడకలూ అన్నీ దులిపి, చివరి మాటను ఒక్క ఊపిరిలో ఎంత దూరం లాగగలిగితే అంత దూరం లాగుతుంది. అది ముగిసీ ముగియగానే అవతలి పాటగత్తె అందుకోవాలి. పాట ఎంత పొడుగైనా ఉండొచ్చు. కానీ మధ్యలో ఊపిరి తెగినా, తన వంతు వచ్చినప్పుడు నోరు పెగలకపోయినా ఓడినట్టే. ఓడినామె ముఖానికి గెలిచినామె పిడికెడు గులాలు పూస్తుంది.

బాలనర్సమ్మ గొంతు ద్రాక్షతోటలో తయారైంది. చెరువు వెనక వాళ్లకు ఎకరన్నర తోట ఉండేది. కాయ తీపెక్కే రోజుల్లో పిట్టలు గుంపులుగా దిగేవి. మిగతా తోటల వాళ్లు డబ్బాలు కొట్టేవాళ్లు, వలలు కప్పేవాళ్లు. బాలనర్సమ్మ గట్టు మీద నిలబడి ఒక్క కేక పెట్టేది. పిట్టలు లేచిపోయేవి. పక్క తోట పిట్టలు కూడా లేచిపోయేవి. ఆ తోటవాళ్లు ఒక్కనాడైనా ఒక మంచి మాట అనలేదని ఆమెకు లోపల కోపం.

ఆమె భర్త రామయ్య సన్నగా, పొడుగ్గా, పందిరి గుంజలా ఉండేవాడు, గుంజలాగే మాట్లాడేవాడు కాదు. ఆ ఇంట్లో ఉన్న మాటలన్నీ ఆమె వాటా కిందికి పోగా ఆయనకు మిగిలినవి ‘ఊఁ’, ‘ఆఁ’ మాత్రమే. వాటినీ ఆయన పొదుపుగా వాడేవాడు.

అలాంటి గొంతు అడుగున ఎప్పుడో పిల్లి చేరింది.

మొదట చలికాలంలో, తోటలో గంధకం పొడి దులిపే రోజుల్లో కనిపించింది. ఛాతీలో సన్నగా కూత. రెండు మెట్లెక్కితే కూత, పొయ్యి ఊదితే కూత, పల్లెల్లో పిల్లికూతలు అంటారే, సరిగ్గా అవే. ఊళ్లో సూది వేసే ఆయన సూది వేసేవాడు, నాలుగు రోజులు తగ్గేది. మళ్లీ పిల్లి వచ్చేది. తర్వాత ఎవరో నీలం రంగు పంపు ఒకటి తెచ్చిచ్చారు. ఊపిరి అందనప్పుడు రెండుసార్లు నోట్లోకి కొట్టుకుంటే తెరిపి ఇచ్చేది. బాలనర్సమ్మ దాన్ని కొంగుకు ముడేసుకుని తిరిగేది. ఎవరైనా ఏమిటని అడిగితే, “తాళంచెయ్యి” అనేది. ఏ తాళానిదో ఎవరూ అడగలేదు, అడిగి ఆమె నోట్లో పడే ధైర్యం ఎవరికుంది?

తొంభై ఆరులో ఆమె చిన్నబిడ్డ పెళ్లయింది. మగపెళ్లివారి తరఫున పాడడానికి అలియాబాద్ నుంచి బుచ్చమ్మ వచ్చింది. బుచ్చమ్మ అంటే పొట్టిగా, గుండ్రంగా, నెత్తిన కొప్పుతో, కల్లుకుండ మీద ముంత బోర్లించినట్టుండే మనిషి. పాటలో మాత్రం కత్తి. ఆరోజు గులాలు మేఘంలా లేచింది. బాలనర్సమ్మ మూడో పాటలో రెండో చరణం దగ్గర నోరు తెరిస్తే మాట రాలేదు, కూత వచ్చింది. బుచ్చమ్మ ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు.

“పాట పాడమంటె పిల్లికూత గూసె,
పాలగిన్నె దెండ్రి, వదినెకు దాహమాయె!”

జనమంతా పడీపడీ నవ్వారు. ఆడపెళ్లివారు కూడా నవ్వారు, అదే బాలనర్సమ్మకు బాగా కాలింది. బుచ్చమ్మ వచ్చి రెండు బుగ్గలకూ, ముక్కుకూ, గడ్డానికీ గులాలు పట్టించి పోయింది. ఆ తర్వాత ఏ పెళ్లికి పిలిచినా, “మోకాళ్లు నొస్తున్నయి” అంటూ వచ్చింది బాలనర్సమ్మ. పాడేది మోకాళ్లతో కాదని అందరికీ తెలుసు. ఆమె స్థానంలో తోటికోడలు దుర్గమ్మ పాడసాగింది. దుర్గమ్మ మంచిదే, మనసు వెన్న. గొంతు మాత్రం తలుపు బందు తుప్పుపట్టినట్టుంటుంది.

ఏడేళ్లు అలాగే గడిచాయి, ఇంకా అలాగే గడిచేవేమో. కానీ మనవరాలు సరళకు సంబంధం కుదిరింది. పిల్లవాడు కండ్లకోయ కాలేజీలో ల్యాబులో పనిచేస్తాడు, మంచివాడు, పొగ తాగడు, అన్నీ బాగున్నాయి. ఒక్కటే బాగాలేదు. అతను బుచ్చమ్మ సొంత మనవడు.

మాట ఖాయం చేసుకున్న రోజు బుచ్చమ్మ వెళ్తూ వెళ్తూ, నలుగురిలో, నవ్వుతూ అంది:

“వదినె, మాఘంల పెండ్లి. ఈసారన్న పిల్లిని ఇంట్ల కట్టేసి రా.”

బాలనర్సమ్మ కూడా నవ్వింది. కారు దుమ్ము కనుమరుగయ్యాక నవ్వు ఆపి, “దుర్గమ్మా” అని పిలిచింది. “ఈ పెండ్లిల నేనే పాడుత. నువ్వు ఎనుక గూసోని వంత పాడు, సాలు.”

“అక్కా, నీకు దమ్మొస్తది గద?” ఆయాసాన్ని అక్కడ దమ్ము అనే అంటారు.

“దమ్ము రాదు. దాని సంగతేందో జూస్త.”

*

మరునాడే సరళ ఆమెను మేడ్చల్ తీసుకుపోయింది. అక్కడ డాక్టర్ లలితకుమారి ఊపిరి జబ్బులు చూస్తుందని సరళ స్నేహితురాలు చెప్పింది. డాక్టరమ్మ ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి, “ఊపిరి పీల్చండి, వదలండి” అంది. లోపల ఏం వినిపించిందో, కనుబొమ్మలు పైకి లేచాయి.

“ఎన్నాళ్ల నుంచమ్మా?”

“మా చిన్నబిడ్డ పెండ్లికి ముందు సంది.”

“మరి ఇన్నాళ్లూ ఏం వాడారు?”

బాలనర్సమ్మ కొంగు ముడి విప్పి నీలం పంపు చూపించింది. డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టి, సొరుగులోంచి బొటనవేలంత గొట్టం ఒకటి తీసింది. అందులో చిన్న క్యాప్సూల్ పెట్టి తిప్పితే విడిపోయింది, లోపల పొడి. “ఇందులో రెండు మందులున్నాయమ్మా. ఒకటి ఊపిరి గొట్టాలను పన్నెండు గంటలు తెరిచి ఉంచుతుంది. రెండోది లోపలి వాపు తగ్గిస్తుంది. క్యాప్సూల్ మింగకూడదు. ముందు ఊపిరంతా బయటికి వదిలేసి, దీన్ని నోట్లో పెట్టుకుని గట్టిగా...”

బాలనర్సమ్మ ‘గట్టిగా’ వరకే విన్నది. గొట్టం నోట్లో పెట్టుకుని, సన్నాయి వాయించేవాడిలా బుగ్గలు పూరించి, గట్టిగా ఊదింది. పొడంతా డాక్టరమ్మ కళ్లద్దాల మీద పడింది.

“ఊదకూడదమ్మా, పీల్చాలి!”

“ఊదుడు, ఒదురుడు వచ్చు నాకు. పీల్చుడు ఎవలు నేర్పలే.”

సరళ నవ్వు ఆపుకోలేక బయటికి పోయి బెంచీ మీద కూర్చుని నవ్వి మళ్లీ లోపలికొచ్చింది. డాక్టరమ్మ అద్దాలు తుడుచుకుని ఇంకో క్యాప్సూల్ తీసింది. మూడో ప్రయత్నంలో పొడి వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

“ఇగ జెప్పుండ్రి. పెండ్లి నాడు ఎన్ని పీల్చాలె?”

“పెళ్లినాడు కాదమ్మా, ఇవాళ్టి నుంచే. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోరు పూస్తుంది.”

“దమ్ము రాని నాడు గూడనా?”

“రాని నాడే ముఖ్యం. రాకుండా ఉండడానికే ఇది. ఇంకోటి, ఒక్కసారిగా ఊపిరి ఆడకపోతే దీన్ని పీల్చి ప్రయోజనం లేదు. అప్పుడు మీ నీలం పంపే. అది తీసెయ్యకండి, కొంగుకే ఉంచుకోండి. దానికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా రండి.”

“సమజైంది” అంది బాలనర్సమ్మ. ఆమె అంత తొందరగా ‘సమజైంది’ అన్నదంటే ఏమీ కాలేదని ఇంట్లో అందరికీ తెలుసు, పాపం డాక్టరమ్మకు తెలియదు.

*

పది రోజులు పొద్దుమాపు పీల్చింది. పిల్లి అలికిడి తగ్గింది. బాలనర్సమ్మకు ప్రపంచం కొత్తగా కనిపించింది. బావి దగ్గరి నుంచి బిందెతో ఆగకుండా నడిచి వచ్చి, “జూసినవా?” అని రామయ్యను అడిగింది. “ఊఁ” అన్నాడాయన. గట్టెక్కి ఒక కేక పెట్టింది. కాయలు ఇంకా పిందెలే, పిట్ట ఒక్కటీ లేదు, అయినా పెట్టింది. పక్క తోట ఆయన ఏమైందో అని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

అక్కడితో ఆమె ఒక ఆలోచన చేసింది. ఇంత మంచి వస్తువును రోజూ వాడి పాడుచేయడమేమిటి? ఒంట్లో బాగున్నప్పుడు మందెందుకు? పెళ్లికి కట్టుకునే పట్టుచీరను రోజూ కట్టుకుని బర్రె దగ్గరికి పోతామా? గొట్టాన్నీ, క్యాప్సూళ్ల డబ్బానూ కాగితంలో చుట్టి, ఇనప్పెట్టెలో పట్టుచీర మడతల మధ్య, కలరా ఉండల పక్కన భద్రంగా పెట్టింది. తాళం వేసింది. అడిగితే మాత్రం, “పీల్చిన, పీల్చిన” అనేది.

పిల్లి ఎక్కడికీ పోలేదు. గుమ్మం బయటే కూర్చుని ఉంది. మార్గశిరం చలి పడగానే తోక ఊపుకుంటూ లోపలికొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే రామయ్య తోటలో గంధకం దులుపుతున్నాడు. పలుచని గుడ్డలో పొడి మూటగట్టి, కర్రతో తడుతూ తీగల కింద నడుస్తున్నాడు. తల, మీసాలు, కనురెప్పలు అన్నీ పసుపు పచ్చగా, జాతర నుంచి వచ్చినవాడిలా ఉన్నాడు. బాలనర్సమ్మ దూరంగా గాలికి ఎదురు దిక్కున బావి గడ్డ మీద, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి చూస్తోంది. పక్కన సరళ గంప పట్టుకుని ఉంది. తీగల చివర్న నాలుగు ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా కనిపించింది. అంతే.

“ఓ ముసలోడా! మొన్న దులుపుమంటి, నిన్న దులుపుమంటి! తెగులు కండ్లవడ్డంక దులిపితె ఏం ఫాయిద? ఆకు సక్కగున్నప్పుడే దులపాలె! గిన్నేండ్ల సంది తోట జేస్తున్నవ్, గా పాటి తెల్వదా?”

తిట్టు పూర్తయ్యేసరికి ఆమె ఛాతీలో కూత బావి గడ్డ నుంచి తోట మధ్య దాకా వినిపించింది. రామయ్య కర్ర ఆపాడు. పసుపు కనురెప్పలు రెండుసార్లు ఆర్పాడు.

“మరి నీ మందు ఏ పెట్టెల ఉన్నదే నర్సీ?” అన్నాడు.

సరళ చేతిలో గంప జారి పడింది. “అవ్వా! తాత మాట్లాడిండే!”

“నోర్ముయ్యే” అంది బాలనర్సమ్మ. కానీ అందులో పస లేదు. ఆమె ఆకుల వైపు చూసింది, రామయ్య చేతిలో మూట వైపు చూసింది, తన నోట్లోంచి ఇప్పుడే బయటికి పోయిన మాటల వైపు కూడా చూసినట్టుంది.

“ఆకు సక్కగున్నప్పుడే...” అని మెల్లగా తనకు తానే అనుకుంది. తర్వాత కోపంగా, “గా డాక్టరమ్మ గిట్ల జెప్తె అప్పుడే సమజైతుండె గద! గొట్టాలు, వాపులు అనుకుంట ఏందేందో జెప్పె!” అని విసవిసా ఇంటికి నడిచింది. విసవిసా అంటే, మధ్యలో మూడుసార్లు ఆగి.

పెట్టె తెరిచారు. మందుకు కలరా ఉండల వాసన పట్టింది. సరళ దాన్ని పారేసి, మేడ్చల్‌కు పోయి కొత్తది తెచ్చింది. అది మొదలు ఒక్క పూట తప్పలేదు. పొద్దున ముఖం కడుక్కోగానే, సాయంత్రం దీపం పెట్టగానే. పీల్చడం, బిగబట్టడం, నీళ్లు పుక్కిలించి మల్లెచెట్టు మొదట్లో ఉమ్మడం. పుక్కిలించేటప్పుడు కూడా ఊరుకునేది కాదు, దానికో రాగం కలిపేది. గోడ అవతల దుర్గమ్మ నాలుగు రోజులు చెవి పెట్టి విని, ఉండబట్టలేక వచ్చింది.

“అక్కా, గా గడగడ రాగమేందే? బుచ్చమ్మ కోసం దాస్తున్నవా? నాకు గూడ నేర్పరాదు!”

“నేర్పుత. గాని ముందు నీకు దమ్ము రావాలె.”

గంధకం దులిపే రోజుల్లో తోట వైపు పోవడం మానేసింది. దుమ్ములో తిరిగినప్పుడు ఒకటి రెండుసార్లు నీలం పంపు తీయాల్సి వచ్చింది. పుష్యం దాటేసరికి దాని అవసరం అరుదైపోయింది. వంటింట్లో, దొడ్లో, బర్రె ముందు, బర్రె వెనక, ఎక్కడ పడితే అక్కడ పాటలు కట్టసాగింది. ఆ పాటలకే బర్రె పాలు తక్కువిచ్చిందని రామయ్య అనుకున్నాడు, అనలేదు.

*

పెళ్లి రోజు తెల్లవారింది. ఇల్లంతా బంతిపూలు, చుట్టాలు, పోయిన వస్తువులు. పోయినవాటిలో మందు గొట్టం కూడా ఉంది. బాలనర్సమ్మ మంచాల కింద, బియ్యం బస్తాల మీద, నిద్రపోతున్న చుట్టాల తలల కింద వెతికింది. సగం పారాణితో కూర్చున్న సరళ తన నగల పెట్టెలోంచి తీసిచ్చింది.

“మళ్ల పోగొడ్తవని రాత్రే పెట్టిన. ముందు పీల్చు. అయినా పెండ్లి నాదా, నీదా అవ్వా?”

“పెండ్లి నీదే బిడ్డా. కొట్లాట నాది.”

ఎండ ఎక్కాక మగపెళ్లివారి లారీలు, జీపులు ఊరి బడి దగ్గర ఆగాయి. డప్పులు మోగాయి, బ్యాండు మోగింది, పానకాలు అయ్యాయి. జంపఖానాలు పరిచారు. ఒక పక్క బాలనర్సమ్మ, వెనక దుర్గమ్మ. ఎదురుగా ఎర్రచీరలో బుచ్చమ్మ, కొప్పులో బుట్టెడు పూలు. చుట్టూ మూగిన జనం. బాలనర్సమ్మ కొంగు సర్దుకుని ఎత్తుకుంది.

“వచ్చిండ్రు వచ్చిండ్రు వియ్యాలవారు,
వస్తమన్న యాళ దాటి వచ్చిండ్రు వారు,
ఇరువై మందిమని కబురంపినారు,
ఇంట్ల పిల్లిని గూడ ఇడువక దెచ్చిండ్రు!”

చివరి మాట బడి కాంపౌండు దాటి రోడ్డెక్కింది. ఆడపెళ్లివారు “హోయ్” అన్నారు. పిల్లి పేరు ఎత్తితే బుచ్చమ్మ ఊరుకుంటుందా?

“పిల్లి మా ఇంటిది గాదు, మీ ఇంటిదే వదినె,
పోయిన పెండ్లిల నీ గొంతుల జొర్రె,
పాలువోసి సాకినవొ, పదిలంగ దాసినవొ,
నోరు దెరువు వదినె, బయటికి రానియ్యి!”

ఇటువైపు నుంచి కూడా ఇద్దరు నవ్వారు. బాలనర్సమ్మ వాళ్లెవరో చూసిపెట్టుకుంది.

“పిల్లి పారిపోయె వదినె, పొద్దుగాలె పోయె,
అలియాబాదు తొవ్వ అడుగుకుంట పోయె,
ఎలుకలున్న ఇల్లు ఏడున్నదంటె
బుచ్చమ్మ ఇల్లని ఊరంత జెప్పె!”

ఆ ‘జెప్పె’ను లాగింది, లాగింది, డప్పువాడు వంగి ఆమె ముఖంలోకి చూసేదాకా లాగింది. మగపెళ్లివారి కుర్రకారుకు ఉషారెక్కి గులాలు పొట్లాలన్నీ ఒక్కసారి విప్పి గాల్లోకి విసిరారు. గులాబీ రంగు మేఘం దిగింది. బాలనర్సమ్మ ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఛాతీలోకి చెవి పెట్టి విన్నది. నిశ్శబ్దం. పిల్లి లేదు. ఆమెకు అక్కడే లేచి గెంతాలనిపించింది.

బుచ్చమ్మ అందుకుంది.

“అంగూరు తోటోళ్లమని ఆకాశం జూసిండ్రు,
అందరికి సాటంగ అదిరిండ్రు వదినె,
నోట్ల ఏసుకుంటె పులుపాయె...”

పాట పూర్తయింది, కానీ చివరి లాగుడు పొట్టిగా తెగింది. మేళం హోరులో ఎవరూ గమనించలేదు. బాలనర్సమ్మ ఒక్కతే గమనించింది. ఆ తెగుడు వెనక సన్నటి కూత ఉంది. ఏళ్ల తరబడి తన ఛాతీలో మోసిన కూత, ఎక్కడ విన్నా పోల్చుకుంటుంది.

నాలుగు చరణాలు పాడి ఆపితే చాలు. ఆ ఊపిరితో బుచ్చమ్మ ఇక అందుకోలేదు, గెలుపు తనదే. పాట సిద్ధంగా కూడా ఉంది, కారంగా, పొట్టిగా, ఏడేళ్లు ఊరబెట్టినది. బాలనర్సమ్మ ఎత్తుకుంది. రెండో చరణంలో ఉండగా చూసింది: బుచ్చమ్మ చెయ్యి బొడ్లో సంచి దగ్గరికి పోయింది, ఆగింది, ఒట్టి చెయ్యి బయటికొచ్చింది. మళ్లీ పోయింది. సంచి మూతి దగ్గర నీలం రంగు ఒక్కసారి మెరిసి లోపలికి పోయింది. వియ్యాలవారి ముందు పంపు తీయడమంటే ఓడిపోయానని డప్పు వేయించుకోవడమే. కొంగు ముడిలో ‘తాళంచెయ్యి’ మోసిన మనిషికి ఆ చెయ్యి సంగతి చెప్పాలా?

బాలనర్సమ్మ పాట ఆపలేదు. నాలుగో చరణం తర్వాత అయిదోది వచ్చింది. బ్యాండువాడి ప్యాంటు పొట్టిదని పాడింది. వియ్యంకుడి మీసాలు ఎలుక కొరికినట్టున్నాయని పాడింది. జీపు డ్రైవరు పానకం మూడుసార్లు తాగాడని పాడింది. అయినా సగం మంది కళ్లు బుచ్చమ్మ మీదే, ఎలా జవాబు చెబుతుందో అని. బుచ్చమ్మ భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. వెనక నుంచి దుర్గమ్మ గిల్లింది, “అక్కా, ముగించే! గెలుస్తవు!”

“యారాలు గిల్లవట్టె, ఏందే నీ తొందర,
ఏడేండ్ల పాటనే, ఎట్ల ముగిస్తరా!” అని తోటికోడల్ని కూడా పాటలో పెట్టింది. అప్పుడు బడి అరుగు వైపు చెయ్యెత్తి చూపించింది.

“అరుగు మీద జూడుండ్రి మా ముసలి మారాజు,
అటు దిరిగి జూడుండ్రి అందరొక్కసారి,
పంచె కట్టుకొచ్చె పండుగ మొగడు,
పంచె ముడి ఊడెనో, పట్టి సూడుండ్రి!”

అరుగు మీద ప్రశాంతంగా కూర్చున్న రామయ్య స్ప్రింగులా లేచి రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. జనమంతా అటు తిరిగారు. పిల్లలు కేకలు పెట్టారు. ముడి గట్టిగానే ఉంది, కానీ ఆయన నమ్మలేక నాలుగు వైపులా తడుముకుంటున్నాడు. ఆ గోలలో ఎర్రచీర కొంగు చాటున పంపు రెండుసార్లు ‘టుస్సు’మంది.

మందు పనిచేయడానికి కాస్త సమయం పడుతుందని బాలనర్సమ్మకు తెలుసు. పాడుతూనే ఉంది. పంతులు పరుగున వచ్చి, “అమ్మా, ముహూర్తం! ముహూర్తం దాటిపోతోంది!” అన్నాడు. ఆయన్నీ, ఆయన పిలకనూ, పంచాంగాన్నీ కలిపి మూడు చరణాలు పాడింది. ఆమె ఊపిరి ఎక్కడా తెగలేదు. జనానికి మొదట నవ్వొచ్చింది, తర్వాత ఆశ్చర్యమేసింది, తర్వాత కొందరు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. చివరికి బుచ్చమ్మ తల ఎత్తింది. భుజాలు కుదురుకున్నాయి. ఇద్దరి చూపులూ కలిశాయి. బాలనర్సమ్మ చివరి మాటను, ఆకాశానికి నిచ్చెన వేసినట్టు, పైకి, ఇంకా పైకి లాగి వదిలింది.

ఇంత మేలు చేసినందుకు బుచ్చమ్మ కనికరించిందా? లేదు. కొత్త ఊపిరినంతా కూడగట్టుకుని విరుచుకుపడింది.

“పంచె ముడి ఊడలే, పరువేమి ఊడలే,
వదినె నోరు ఊడె, వశము దప్పె!
నలువై ఏండ్లు ఈ నోటిని ఇన్న మారాజుకు
పెండ్లికొడుక్కు గాదు, పెద్దదండ ముందెయ్యుండ్రి!”

చివరి మాటను లాగుతుండగా రామయ్య అరుగు దిగాడు. ఎవరూ ఊహించలేదు. పంచె ఒక చేత్తో పట్టుకుని, జనం మధ్యలోంచి గంభీరంగా నడిచొచ్చి, జంపఖానా ముందు నిలబడి, దండ కోసం మెడ వంచాడు. బ్యాండువాడు పెళ్లికొడుకు కోసం తెచ్చిన దండ తీసి నిజంగానే వేశాడు. దండ ఆయన మోకాళ్ల దాకా వేలాడింది. ఆయన తల ఎత్తి బుచ్చమ్మ వైపు రెండు చేతులూ జోడించి, “సల్లగుండమ్మా. నలువై ఏండ్లకు ఒక్కలన్న అడిగిండ్రు” అన్నాడు.

ఇప్పుడు బాలనర్సమ్మ అందుకోవాలి. నోరు తెరిచింది. పాట నాలిక చివర్నే ఉంది. దండ మీదినుంచి రామయ్య ముఖం చూసింది. నవ్వు తన్నుకొచ్చింది. మింగబోయింది, ముక్కులోంచి వచ్చింది. “దం...” అంది, మళ్లీ నవ్వు. దుర్గమ్మ వీపు చరిచింది, “పాడే అక్కా, పాడు!” ఎక్కడి పాట? పొట్ట పట్టుకుని జంపఖానా మీద ఒక పక్కకు ఒరిగిపోయింది.

“ఓడె! ఓడె!” అని మగపెళ్లివారు కేకలు పెట్టారు.

బుచ్చమ్మ ఎర్రచీర ఎగగట్టి, పిడికెడు గులాలు తీసుకుని వచ్చి ఆమె ముందు కూలబడింది. చెయ్యి ముఖం దాకా తెచ్చి ఆగింది. పిడికిలి వైపు చూసింది, గులాలు మళ్లీ పళ్లెంలోకి రాల్చేసింది. పక్కనున్న గిన్నెలో తడిగంధం వేళ్లతో తీసి బాలనర్సమ్మ రెండు బుగ్గలకూ మెత్తింది. మెత్తుతూ చెవిలో అడిగింది:

“గంత సేపు ఎట్ల పాడినవే వదినె? నీకు గూడ ఉండె గద?”

“ఉండె... ఉన్నది...” బాలనర్సమ్మ నవ్వు మధ్య మాటలు ఏరుకుంది. “నీలిది ఒక్కటే కొట్టుకుంటున్నవా? పొద్దుమాపులది లేదా?”

“గదేంది?”

“మేడ్చల్ల డాక్టరమ్మ... మొదట ఊదకు వదినె, పీల్చాలె... ఆమె అద్దాలు...” అంతే, మళ్లీ మొదలైంది. ఏమిటో తెలియకుండానే బుచ్చమ్మకూ అంటుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. పంతులు చేతులు రెండూ పైకెత్తాడు. అవతల పెళ్లిపందిట్లోంచి పెళ్లికూతురే మేలిముసుగు ఎత్తి అరిచింది.

“అవ్వా! జల్దీ రాండ్రి, పెండ్లి జేసుకుంట! ఓడితివా, గెలిస్తివా?”

“ఓడిన బిడ్డా, మస్తు ఓడిన!” అని కేకేసి, బాలనర్సమ్మ గంధం బుగ్గలతో లేచింది. దండ వేసుకున్న మొగుణ్ని ఒక చేత్తో, బుచ్చమ్మను ఇంకో చేత్తో పట్టుకుని, బడి దగ్గరి నుంచి పందిరి దాకా నవ్వుకుంటూ, ఎక్కడా ఆగకుండా నడిచింది.